నూతి దగ్గర రెండు షాకులు

2023 కార్తీకమాసంలో ఒక తెల్లవారుజామున, ఒడిశాలోని పర్లాకిమిడిలో, మా ఇంటి పెరట్లో, నూతి పక్కన తడి సిమెంటు చప్టా మీద చెప్పులు లేకుండా నిలబడి, మోటారు వేసి, ఎడమచేత్తో ఇనుప పైపు పట్టుకుని స్నానానికి బకెట్టు నింపుకుంటున్నాను. బకెట్టు సగానికి పైగా నిండింది. అంతలో ఛాతీ లోపలి నుంచి ఎవరో, మూసిన తలుపును భుజంతో పగలగొట్టబోయినట్టు, ఒక్క గుద్దు గుద్దారు. నేను వెనక్కి పడ్డాను, బకెట్టు దొర్లిపోయింది. స్పృహ మాత్రం తప్పలేదు. ఈ సంగతి తరువాత ముఖ్యమవుతుంది కనుక ఇప్పుడే చెబుతున్నాను. దెబ్బ తగలడానికి ముందు కళ్ళు తిరగలేదు, దడ పుట్టలేదు, చెమట పట్టలేదు. పైపు చల్లగా ఉందన్న ధ్యాస తప్ప నాకు మరొకటి లేదు.

నా ఎడమ మెడ ఎముక కింద, చర్మం లోపల, గుండె లయ తప్పితే షాకు ఇచ్చి సరిచేసే ఐసీడీ అనే యంత్రం ఉంది. మా వీధిలో దాన్ని ‘బ్యాటరీ’ అంటారు. మాస్టారికి బ్యాటరీ పెట్టారు అంటే అందరికీ అర్థమవుతుంది. 2021లో వచ్చిన గుండెపోటు తరువాత నా గుండె రక్తాన్ని పంపే శక్తి 28 శాతానికి పడిపోయింది. అటువంటి గుండె ఏదో ఒక రోజు లయ తప్పి, కొట్టుకోవడం మాని ఊరికే వణికే ప్రమాదం ఉంటుందనీ, ఆ వణుకు మొదలైతే నిమిషాల్లో ప్రాణం పోతుందనీ చెప్పి, 2022 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో ఆ యంత్రాన్ని అమర్చారు. దాని నుంచి ఒక తీగ రక్తనాళం గుండా వెళ్ళి గుండె కుడి గదిలో దిగి ఉంటుంది. ఆ తీగ చెవీ అదే, చెయ్యీ అదే: గుండె చప్పుడు వినేదీ దానితోనే, అవసరమైతే షాకు ఇచ్చేదీ దానితోనే.

కింద పడిన నా చుట్టూ పావుగంటలో పదిమంది చేరారు. పక్కింటి ఎలక్ట్రీషియను మోటారు కరెంటు కొట్టిందన్నాడు. మా ఆవిడ కాదు, లోపలి మిషనే కొట్టిందంది. ఊళ్ళో చూపించుకున్న ఒడియా డాక్టరుగారు నాడి చూసి, ఈసీజీ తీసి, నవ్వుతూ నా భుజం తట్టి ‘మెసిన్ బంచాయి దేలా’ అన్నారు. మిషను బతికించిందని. విశాఖలో యంత్రం అమర్చిన ఆసుపత్రికి ఫోను చేస్తే అటు నుంచీ అదే మాట వచ్చింది: యంత్రం తన పని చేసింది, భయపడకండి, ఒక మాత్ర రాస్తున్నాం, వచ్చే నెల ఎలాగూ చెకప్పు ఉంది కదా, అప్పుడు చూద్దాం. ఆ మాత్ర అమియోడరోన్, గుండె లయను అదుపులో ఉంచే మందు. మా ఆవిడ గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. నేనూ రాత్రి పడుకునే ముందు ఛాతీ మీద చెయ్యి వేసి ఆ డబ్బీకి దండం పెట్టుకున్నాను. ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. రుజువు లేని ఫలితాన్ని అంత సులువుగా ఎలా ఒప్పుకున్నానా అని ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

పంతొమ్మిది రోజుల తరువాత, అదే చప్టా మీద, అదే పైపు పట్టుకుని ఉండగా, రెండోసారి కొట్టింది.

ఆ మధ్యాహ్నమే గుణుపూర్ నుంచి వచ్చే పాసింజరు ఎక్కి విశాఖ బయలుదేరాం. మర్నాడు ఆసుపత్రిలో యంత్రం కంపెనీ తరఫు టెక్నీషియను, చదువుకునే పిల్లవాడిలా ఉన్నాడు, ప్రోగ్రామర్ అనే చిన్న కంప్యూటరు తెచ్చి, దాని చేతిపరికరాన్ని నా ఛాతీ మీద ఉంచాడు. యంత్రం లోపల దాచుకున్న గీతలు కాగితం మీద వరుసగా దిగాయి. అర నిమిషం చూశాడు. ‘మాస్టారూ, ఆ టైములో మీరు ఏదైనా కరెంటు వస్తువు ముట్టుకున్నారా?’ అని అడిగాడు.

అంతే. ఇరవై రోజులుగా ముగ్గురు డాక్టర్లు, ఒక కొత్త మందు, ఒక కొబ్బరికాయ తేల్చలేని విషయాన్ని ఆ కాగితం అర నిమిషంలో తేల్చింది. కాగితం మీద రెండు వరుసల గీతలుంటాయి. ఒకటి తీగ కొసకు దగ్గరగా విన్నది, రెండోది తీగకూ డబ్బీకీ మధ్య దూరం నుంచి విన్నది. రెండింటి మీదా నా గుండె కొట్టుకోవడం నిమిషానికి 84 చొప్పున నిదానంగా కనిపిస్తూనే ఉంది. దాని మీద, దువ్వెన పళ్ళలాగా, ఒకే ఎడంతో సన్నటి అలలు పరుచుకుని ఉన్నాయి. పంటికీ పంటికీ మధ్య ఎడం 20 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు 50. మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లే ఊగుతుంది. తీగ విరిగితే పుట్టే గోల సాధారణంగా దగ్గరి గీత మీదే, క్రమం లేకుండా, గీకినట్టుగా ఉంటుందట. బయటి కరెంటు గోల రెండు గీతల మీదా ఉండి, దూరపు గీత మీద మరింత పెద్దగా కనబడుతుందట. నా కాగితం మీద ఉన్నది రెండో రకం. నా గుండెకు ఆ రెండు ఉదయాల్లోనూ ఏమీ కాలేదు. ముందు కళ్ళు తిరగకపోవడం, స్పృహ తప్పకపోవడం అందుకే. మా నూతి మోటారులో లీకయిన కరెంటును ఆ యంత్రం నా గుండె వణుకని పొరబడింది.

పొరబాటు ఎలా జరుగుతుందో కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని యంత్రం చెడిపోవడంగా చాలామంది అనుకుంటారు. నా యంత్రం చెడిపోలేదు. వణికే గుండె పుట్టించే విద్యుత్తు చాలా బలహీనంగా ఉంటుంది కనుక, దాన్ని వినగలిగేలా ఈ యంత్రానికి అతి సున్నితమైన చెవి పెట్టారు. నా దాంట్లో 0.3 మిల్లీవోల్టు దాకా వినేలా అమర్చి ఉంది. మనిషి ఒంటికి జిమ్మన్నట్టు తెలియాలంటే సుమారు ఒక మిల్లీయాంపియరు కరెంటైనా పారాలి. అంతకన్నా తక్కువ పారితే చేతికి తెలియకపోవచ్చు గాని, యంత్రం చెవికి తెలిసిపోతుంది. సెకనుకు 50 అంటే నిమిషానికి మూడు వేలు. ప్రపంచంలో ఏ గుండే అంత వేగంగా కొట్టుకోదు. కాని యంత్రం ఒక్కొక్కటి లెక్కపెట్టిన వెంటనే సుమారు సెకనులో ఎనిమిదో వంతు చెవి మూసుకుంటుంది. అందువల్ల మూడు వేలు దానికి నాలుగు వందల పైచిలుకుగా వినిపిస్తాయి, అది వణికే గుండె వేగానికి సరిగ్గా సరిపోతుంది. వరుస 40 లెక్కల్లో 30 అలా ఉంటే అది షాకుకు సిద్ధమై, లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నింపుకోవడం మొదలుపెడుతుంది. అందుకు మరో ఎనిమిది పది సెకన్లు పడుతుంది. ఆలోపు గోల ఆగిపోతే చాలాసార్లు తనంతట తానే విరమించుకుంటుంది కూడా. నేను పైపు మీద చెయ్యి తీసి ఉంటే విరమించుకునేదే. కాని బకెట్టు నిండడానికి నిమిషం పడుతుంది కదా. 35 జౌళ్ళ షాకు తగిలింది.

మా ఆవిడ ఆ పైపు ముట్టుకుంటే జిమ్మంటోందని వానాకాలం నుంచీ చెబుతూనే ఉంది. చలికి అలా ఉంటుందని నేనే కొట్టిపారేశాను.

ఈ వ్యాసంలో నేను అనదలచుకున్నది ఇది: ఐసీడీ ఇచ్చిన ఏ షాకునైనా, అది చదివి చూసేదాకా ప్రాణరక్షణ అని అనకూడదు. యంత్రం కాపాడిందన్న మాట ఓదార్పులా వినిపిస్తుంది గాని, దాని అసలు పని ప్రశ్నను మూసివేయడం. నా విషయంలో ఆ మాట వల్ల జరిగినవి మూడు. నాకు అవసరం లేని అమియోడరోన్ ఇరవై రోజులు మింగాను. ఆ మందులో అయోడిన్ ఎక్కువ, థైరాయిడ్‌ను, దీర్ఘకాలంలో ఊపిరితిత్తులను దెబ్బతీసే గుణం దానికుంది. రెండో షాకు తిన్నాను. మూడోది అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఎవరి లెక్కలోనూ లేనిది: కరెంటు లీకయ్యే పైపును మా ఇంటిల్లిపాదీ మరో పంతొమ్మిది రోజులు పట్టుకుంటూ ఉన్నారు. వారిని హెచ్చరించడానికి వారి ఛాతీలో ఏ డబ్బీలూ లేవు.

ఈ యంత్రం పుట్టుకలోనే ఈ చిక్కు ఉంది. పోలండులో పుట్టిన మిషెల్ మిరోవ్‌స్కీ అనే వైద్యుడు, తనకు గురుతుల్యుడైన హారీ హెల్లర్ 1966లో గుండె లయ తప్పి మరణించాక, మనిషి వెంటే ఉండే షాకు యంత్రం కోసం పట్టుబట్టాడు. తోటి వైద్యుడు మోర్టన్ మోవర్‌తో కలిసి అమెరికాలోని బాల్టిమోర్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి, 1980 ఫిబ్రవరి 4న జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో మొదటిసారి మనిషికి అమర్చేలా చేశాడు. ఆ తొలి తరం యంత్రాలకు జ్ఞాపకం లేదు. షాకు ఇచ్చేవి, ఎందుకిచ్చాయో చూపే గీతలను దాచేవి కావు. కనుక ఆనాటి రోగీ, ఆనాటి డాక్టరూ ‘కాపాడింది’ అనుకుంటే తప్పుపట్టలేం. వారికి చదవడానికేమీ లేదు. ఇప్పుడు ప్రతి షాకుకూ ముందూ వెనకా గీతలు యంత్రంలోనే ఉన్నాయి. ఉన్నవాటిని చదవకుండా 1980 నాటి మాటే అనడం నాకు మింగుడుపడదు.

డాక్టర్లు వీటిని ‘అనుచితమైన షాకులు’ అంటారు. ఆ మాట నాకు నచ్చదు. ఎవరో పెళ్ళిలో మర్యాద తప్పినట్టు వినిపిస్తుంది. పొరపాటు షాకు అంటే సరిపోతుంది. ఇవి ఎంత అరుదు అని అడిగితే, అంత అరుదేమీ కావు. గుండెపోటు వచ్చి, గుండె బలం 30 శాతానికి మించని వారికి ఐసీడీ మేలు చేస్తుందని 2002లో నిరూపించిన మాడిట్-2 పరిశోధనలో, యంత్రం పెట్టుకున్న 719 మందిలో 83 మందికి, అంటే నూటికి 11 మందికి పైగా, పొరపాటు షాకులు తగిలాయి. మొత్తం షాకు ఘటనల్లో 31 శాతం ఇవే. నాలాంటి వాడికి యంత్రం పెట్టవచ్చునని ఏ పరిశోధన చెప్పిందో, దాని లోపలి లెక్కే ఇది. వీటిలో నావంటి కరెంటు కథలు తక్కువ. ఎక్కువ భాగం గుండె పైగదులు అదుపు తప్పి వేగంగా కొట్టుకోవడం వల్ల, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషను, తదితరాల వల్ల వస్తాయి. పైగదుల వేగం కిందికి దిగితే యంత్రం దాన్ని కింది గదుల ప్రమాదమనుకుంటుంది. మరికొన్ని తీగ విరగడం వల్ల వస్తాయి. మెడ్‌ట్రానిక్ కంపెనీ స్ప్రింట్ ఫిడెలిస్ అనే తీగను 2007 అక్టోబరులో అమ్మకం నుంచి ఉపసంహరించేనాటికి ప్రపంచమంతటా రెండున్నర లక్షలకు పైగా మంది గుండెల్లో అది చేరిపోయింది. అది విరిగినప్పుడు పుట్టే గోలకు, ఏ జబ్బూ లేని క్షణంలో, వరుసగా షాకులు తిన్నవారున్నారు.

ఇంకొక లెక్క నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. 2008లో వెలువడిన మరో పెద్ద పరిశోధనలో పొరపాటు షాకు తగిలినవారికి, తగలనివారితో పోలిస్తే, మరణించే అవకాశం దాదాపు రెట్టింపుగా కనిపించింది. షాకే చంపుతోందని దీని అర్థం కాదు. పైగదులు అదుపు తప్పేంతగా జబ్బు ముదిరినవారికే అటువంటి షాకులు ఎక్కువగా తగులుతాయి కనుక, షాకు ఆ జబ్బుకు గుర్తు మాత్రమే కావచ్చు. కాని గుర్తయినా చదవవలసిందే కదా.

దీనికి డాక్టర్లు చెప్పే సమాధానం తేలికగా తీసుకోవలసింది కాదు. మా డాక్టరుగారే అన్నారు: ‘పది పొరపాటు షాకులు తిన్నా మనిషి ఉంటాడు మాస్టారూ, ఒక్క అసలు షాకు తప్పితే ఉండడు.’ ఆ తర్కం మీదే చాలా ఏళ్ళు యంత్రాలను తొందరపడేలా, నిమిషానికి 170 దాటితే రెండు మూడు సెకన్లలోనే రంగంలోకి దిగేలా అమర్చారు. 2012లో వచ్చిన మాడిట్-రిట్ పరిశోధన ఆ తర్కాన్నే పరీక్షకు పెట్టింది. 1500 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు పాత పద్ధతిలోనే ఉంచి, రెండో గుంపుకు 200 దాటితే తప్ప యంత్రం కదలకుండా, మూడో గుంపుకు 170 దాటినా నిమిషం పాటు వేచి చూసేలా అమర్చారు. 200 హద్దు పెట్టిన గుంపులో పొరపాటు చికిత్సలు 79 శాతం తగ్గాయి. తొందర తగ్గిస్తే మనుషులు పోతారేమోనన్న భయం నిజం కాలేదు సరికదా, మరణాలు 55 శాతం తగ్గాయి. 2015లో నాలుగు ఖండాల గుండె లయ వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ ఓపిక పద్ధతినే సమర్థించాయి.

ఇక్కడ నా వాదానికి అడ్డువచ్చే నిజం ఒకటి ఒప్పుకోవాలి. ఎంత ఓపికగా అమర్చినా నాకు ఆ రెండు షాకులు తప్పేవి కావు. నాలుగు వందల పైచిలుకు వేగం ఏ హద్దునైనా దాటుతుంది, బకెట్టు నిండే నిమిషం ఆ ఓపికలో చాలా భాగాన్ని తినేస్తుంది. పైగదుల పొరపాటుకు మందు ప్రోగ్రామింగు. తీగ పొరపాటుకు మందు కొత్త తీగ. నా పొరపాటుకు మందు ఎర్తింగు గొయ్యి. మూడింటి బాధా రోగికి ఒక్కలాగే ఉంటుంది. ఏది ఏదో చెప్పగలిగింది ఆ గీతలు ఒక్కటే. అందుకే అమర్చేటప్పుడు చూపే శ్రద్ధ గురించి కన్నా, షాకు తగిలిన తరువాతి మొదటి రోజు గురించి నాకు పట్టుదల ఎక్కువ.

ఆ మొదటి రోజే మా సరిహద్దు జిల్లాల్లో కష్టం. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అక్కడి నుంచి ఆంధ్ర. మా చుట్టాలు, మా పెళ్ళిళ్ళు, మా పెద్దాసుపత్రులు అటువైపు. మా ఆరోగ్య కార్డు, మా దగ్గరి డాక్టరు ఇటువైపు. యంత్రం ఒక రాష్ట్రంలో అమర్చుకుని, షాకు మరో రాష్ట్రంలో తింటాం. నా యంత్రాన్ని చదివే ప్రోగ్రామర్ నాకు నాలుగు గంటల దూరంలో ఉంది, అదీ టెక్నీషియను ఉన్న రోజున. పడక పక్కన పెట్టుకుంటే ఫోను నెట్‌వర్కు ద్వారా గీతలను ఆసుపత్రికి పంపే పెట్టెలు ఉన్నాయని నాకు రెండో షాకు తరువాతే తెలిసింది. అమర్చేనాడు ఆ మాట ఎవరూ అనలేదు. ఇచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో ఎర్తింగు సరిచూసుకోవాలన్న వాక్యం అందులో ఉన్నదే. నేను చదివాను, నాకు వర్తిస్తుందనుకోలేదు. మా ఆవిడ తెలుగులో చదివి ఉంటే తప్పకుండా అనుకునేది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. జనం మాట్లాడే మాటల్లో రాయాలని ఆయన పోరాడి, 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు విడిచి వెళ్ళారు. ఆసుపత్రి కాగితాల దాకా ఆ పోరాటం ఇంకా రాలేదు.

ఒక అయస్కాంతం విషయం కూడా చెప్పాలి. ఉంగరంలా గుండ్రంగా ఉండే ఒక అయస్కాంతాన్ని ఐసీడీ ఉన్న చోట ఛాతీ మీద ఉంచితే, ఉంచినంతసేపూ చాలా యంత్రాలు షాకు ఇవ్వవు. తీసేస్తే మళ్ళీ మామూలే. మనిషి మెలకువగా ఉండి, ఈసీజీ తెర మీద లయ సవ్యంగా ఉన్నా, యంత్రం వరుసగా కొడుతూ ఉంటే ఆ అయస్కాంతమే అత్యవసర చికిత్స. నేను వెళ్ళిన చోట దాన్ని గురించి విన్నవారు లేరు. దాన్ని ఇంట్లో పెట్టుకోమని మాత్రం ఎవరికీ చెప్పను. తెర చూడకుండా ఉంచితే, అసలు ప్రమాదం వచ్చిన క్షణంలో కాపలావాణ్ణి కట్టేసినట్టవుతుంది. పొరపాటు షాకులున్నాయని విని, తగిలిన షాకు పొరపాటేనని ఇంట్లో కూర్చుని తేల్చుకోవడం కూడా అంతే. ఒక్క షాకు తగిలి మనిషి మామూలుగా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి ఫోను చేసి, గీతలు చదివించాలని పట్టుబట్టాలి. ఒకే రోజు రెండు తగిలినా, స్పృహ తప్పినా, ఆయాసం వచ్చినా క్షణం ఆగకూడదు.

మా పక్కింటి ఎలక్ట్రీషియను, మోటారు కరెంటని మొదటి నిమిషంలోనే చెప్పినవాడు, తరువాతి ఆదివారం పెరట్లో గొయ్యి తవ్వాడు. మోటారు మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్నుకు ఏ తీగా తగిలించి లేదు. పదకొండేళ్ళుగా అది అలంకారంగా ఉంది. గొట్టం దింపి, ఉప్పు, బొగ్గు పొరలు వేసి పూడ్చాడు. 30 మిల్లీయాంపియర్లు లీకయితే సరఫరా కోసేసే స్విచ్చు బోర్డులో బిగించాడు. బిగించిన నాడే, మోటారు వెయ్యగానే, అది ఠపీమని పడిపోయింది. కేబులు ఊడదీస్తే నూతి అంచు దగ్గర ఒరుసుకుని లోపలి రాగి కనిపించింది. ఎండాకాలంలో వారానికోసారి ఆ గొయ్యిలో నీళ్ళు పోస్తున్నాను.

ఆ రోజు ప్రింటయిన రిపోర్టులో నాలుగో పేజీ గురించి ఇంతవరకూ చెప్పలేదు. ఆగస్టులో ఒక రాత్రి 2 గంటల 10 నిమిషాలకు, నేను నిద్రలో ఉండగా, నా గుండె కింది గది నిజంగానే అదుపు తప్పి నిమిషానికి 194 కొట్టుకుంది. యంత్రం షాకు ఇవ్వలేదు. అంతకన్నా కొంచెం వేగంగా ఎనిమిది చిన్న తాకులు తాకింది, లయ కుదుటపడింది. నొప్పి లేదు, మెలకువ రాలేదు, ఎవరూ కొబ్బరికాయ కొట్టలేదు. డాక్టరుగారు అమియోడరోన్ ఆపేశారు గాని, ఆ పేజీ చూసే హద్దును 200కి పెంచలేదు. పెంచితే 194 దానికి కనిపించదు కనుక, ఎదురుచూసే సమయాన్ని మాత్రం పెంచారు. ‘అయితే ఆ రాత్రి ఇదే నన్ను కాపాడిందన్నమాట’ అన్నాను టెక్నీషియనుతో. అతను గీతలను మళ్ళీ ఒకసారి దగ్గరగా చూశాడు. ‘ఇలాంటివి కొన్ని వాటంతటవే ఆగిపోతాయి మాస్టారూ. ఇది ఆగేదో లేదో ఈ కాగితం చెప్పదు’ అని, ప్రోగ్రామర్ తీగ చుట్టుకోవడం మొదలుపెట్టాడు.